సర్వర్ ఆఫీసులో ఉంచాలా, క్లౌడ్‌కు వెళ్లాలా: చిన్న, మధ్యతరహా సంస్థలు తేల్చుకునే పద్ధతి

ఈ ప్రశ్న అడిగేవారి చేతిలో సాధారణంగా రెండు కొటేషన్లు ఉంటాయి. ఒకటి సర్వర్లు అమ్మేవారు ఇచ్చినది, అందులో లక్షల్లో ఒకే మొత్తం కనిపిస్తుంది. రెండోది క్లౌడ్ సేవలు అమ్మేవారు ఇచ్చినది, అందులో నెలకు కొన్ని వేల రూపాయలు కనిపిస్తాయి. ఈ రెండింటిలో ఏది చవకో చెప్పమని అడుగుతారు. ఆ కాగితాలు మాత్రమే చూసి ఎవరూ సరైన జవాబు చెప్పలేరు, ఎందుకంటే రెండింటిలోనూ అసలు ఖర్చులో కొంత భాగమే రాసి ఉంటుంది. పైగా ప్రశ్న మొత్తం సంస్థకు కలిపి అడగవలసినది కాదు. బిల్లింగ్‌కు ఒక జవాబు, ఈమెయిల్‌కు మరో జవాబు, సీసీ కెమెరాల రికార్డింగుకు ఇంకో జవాబు రావచ్చు, చాలా సంస్థలలో వస్తుంది కూడా.

ఈ పద్ధతి సుమారు పది మంది నుంచి వంద మంది వరకు సిబ్బంది ఉన్న సంస్థలకు, అంటే పంపిణీదారులు, మిల్లులు, నర్సింగ్ హోములు, విద్యాసంస్థలు, ఆడిట్ కార్యాలయాల వంటి వాటికి ఉద్దేశించినది. బ్యాంకులు, బీమా సంస్థలకు వాటి నియంత్రణ సంస్థల నిబంధనలు వేరుగా ఉన్నాయి కనుక వారు దీన్ని మాత్రమే నమ్ముకుని నిర్ణయం తీసుకోకూడదు.

ఇక్కడ సొంత సర్వర్ అంటే మీ ఆవరణలో, మీ కరెంటుతో, మీ బాధ్యతపై నడిచే యంత్రం. క్లౌడ్‌లో రెండు రకాలు ఉన్నాయి. ఖాళీ యంత్రాన్ని అద్దెకు తీసుకుని మీ సాఫ్ట్‌వేర్‌ను అందులో మీరే నడుపుకోవడం ఒకటి, ఈమెయిల్ లాగా తయారైన సేవనే మనిషికి ఇంత అని అద్దెకు తీసుకోవడం రెండోది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవారి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి, మొదటి దానిలో మీ పని తగ్గేది తక్కువే.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

• గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ ఖర్చు
• ఇంటర్నెట్ బిల్లులు, కనెక్షన్ ఒప్పందం
• ఇప్పుడున్న సర్వర్లు, యూపీఎస్‌లు కొన్న తేదీలు, వారంటీ, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితాలు
• వాడుతున్న ప్రతి సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, లైసెన్సు ఎవరి పేరున ఉందన్న వివరం
• ప్రస్తుత డేటా పరిమాణం, ఏడాది క్రితం ఎంత ఉండేదన్న అంచనా
• అడ్మిన్ పాస్‌వర్డులు, వెబ్‌సైటు డొమైన్ పేరు ఎవరి చేతిలో ఉన్నాయన్న వివరం
• మీ ఆడిటర్‌తో ఒక గంట సమయం

చివరి నుంచి రెండో అంశం దగ్గరే చాలామంది ఆగిపోతారు. డొమైన్ పేరు ఏనాడో వెబ్‌సైటు చేసి ఇచ్చిన మనిషి పేరున నమోదై ఉంటుంది, ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తడు. ఇలాంటిది బయటపడితే సర్వర్ ఆలోచన పక్కన పెట్టి ముందు దాన్ని మీ సంస్థ పేరుకు మార్పించుకోండి.

1. యంత్రాల జాబితా కాదు, పనుల జాబితా రాయండి

విజయవాడలో కార్యాలయం, గుంటూరులో గోడౌన్, నలభై మంది సిబ్బంది ఉన్న మందుల పంపిణీ సంస్థను ఉదాహరణగా ఊహించుకుందాం. దాని పనులు ఇవి: బిల్లింగ్ మరియు స్టాకు, టాలీలో ఖాతాలు, ఈమెయిల్, అందరూ వాడుకునే ఫైళ్లు, సేల్స్ వారు ఫోన్లలో ఆర్డర్లు పంపే యాప్, పదహారు సీసీ కెమెరాల రికార్డింగు. ప్రతి పనికి ఎదురుగా నాలుగు విషయాలు రాయండి: ఎవరు ఎక్కడి నుంచి వాడతారు, ఎంతసేపు ఆగితే తట్టుకోగలరు, ఎన్ని గంటల ఎంట్రీలు పోతే మళ్లీ కొట్టుకోగలరు, డేటా ఎంత ఉంది.

హెచ్చరిక: ఈ జాబితాను యజమాని గదిలో కూర్చుని రాస్తే అది తప్పకుండా అసంపూర్ణంగా ఉంటుంది. బిల్లింగ్ కౌంటరు దగ్గర, గోడౌన్ దగ్గర అరపూట గడపండి. డిస్కౌంట్ల లెక్క మొత్తం ఒక గుమస్తా డెస్క్‌టాప్‌పై ఉన్న ఎక్సెల్ ఫైలులో నడుస్తున్న సంగతి అక్కడే తెలుస్తుంది. అలాంటి ఫైలుకు బ్యాకప్ ఉండదు.

2. ఆగిపోతే ఎంత నష్టమో రూపాయల్లో వేయండి

ఎంతసేపు ఆగవచ్చని అడిగితే ప్రతి యజమానీ ఒక్క నిమిషం కూడా ఆగకూడదనే అంటారు. ఆ మాట రాసుకుంటే అన్నిటికన్నా ఖరీదైన ఏర్పాటే మిగులుతుంది. దానికి బదులుగా, ఉదయం పదకొండు గంటలకు బిల్లింగ్ ఆగిపోతే మధ్యాహ్నం వరకు చేతిరాత బిల్లులతో నెట్టుకురాగలరా, రేపటి వరకు ఆగితే ఎన్ని ఆర్డర్లు పోతాయి, వాటిలో మిగిలే లాభమెంత అని అడగండి. ఈమెయిల్ మూడు గంటలు ఆగితే విసుగు తప్ప నష్టం లేని సంస్థలు చాలా ఉన్నాయి.

సేవ ఆగకుండా నడుస్తుందని సేవా సంస్థలు శాతాల్లో ఇచ్చే హామీని గంటల్లోకి మార్చి చూడండి. 99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 46 నిమిషాలు ఆగినా వారు మాట తప్పనట్టే. 99.5 శాతమైతే దాదాపు 44 గంటలు. హామీ తప్పితే వారు ఇచ్చేది సాధారణంగా తర్వాతి బిల్లులో కొంత తగ్గింపు మాత్రమే, మీ వ్యాపార నష్టానికి పరిహారం కాదు. మీ ఆఫీసు నుంచి వారి దాకా ఉన్న ఇంటర్నెట్ లైను ఆ హామీలో భాగం కాదన్న సంగతి కూడా ఒప్పందం చదివితేనే తెలుస్తుంది.

3. నెట్, కరెంటు, స్థలం: మూడింటినీ పరీక్షించండి

ఇంటర్నెట్ ప్యాకేజీపై రాసిన వేగం చాలాసార్లు డౌన్‌లోడ్ వేగం. క్లౌడ్‌కు మీకు ముఖ్యమైనది అప్‌లోడ్. ఒక వారం పాటు పనివేళల్లో, ఉదయం పదకొండుకు ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి కొలిచి రాసుకోండి. ఒక టెరాబైట్ డేటాను సెకనుకు 100 మెగాబిట్ల అప్‌లోడ్‌తో పంపాలంటే లైను నిండుగా పనిచేసినా 22 గంటలకు పైగా పడుతుంది, 20 మెగాబిట్లైతే నాలుగున్నర రోజులు దాటుతుంది. డేటా పోయినప్పుడు వెనక్కి తెచ్చుకోవడానికీ ఇదే లెక్క వర్తిస్తుంది, అక్కడ డౌన్‌లోడ్ వేగం వేసుకోవాలి.

క్లౌడ్‌పై పని పెట్టదలచుకుంటే రెండు ఇంటర్నెట్ లైన్లు తప్పనిసరి. అవి రెండు వేర్వేరు కంపెనీలవైతే చాలదు. రెండు ఫైబర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే చెట్టు కొమ్మ విరిగిపడిన రోజున రెండూ కలిసే తెగుతాయి. లైను వేసిన మనిషిని తీసుకుని వీధి చివర దాకా నడిచి చూడండి. రెండో దారి లేని చోట 4జీ లేదా 5జీ సిమ్‌తో పనిచేసే రౌటర్ ప్రత్యామ్నాయం. బిల్లింగ్‌కు అది సరిపోతుంది, పెద్ద ఫైళ్లకు సరిపోదు.

సొంత సర్వర్ ఉంచదలచిన గదిని కూడా ఇదే కంటితో చూడాలి. కింది అంతస్తు వద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి, అలాంటి చోట నేలపై పెట్టిన సర్వర్, దాని పక్కనే పెట్టిన బ్యాకప్ డిస్కు కలిసే మునుగుతాయి. పై అంతస్తులో ట్యాంకు కింద గది కూడా వద్దు. పరికరాలకు సుమారు 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత ఉండాలని డేటా సెంటర్ల ప్రమాణాలు చెబుతాయి. మన వేసవిలో రాత్రిళ్లు కూడా ఏసీ నడవకుండా అది సాధ్యపడదు, రాత్రి కరెంటు పోయినప్పుడు ఏసీ మళ్లీ తనంతట తాను మొదలవుతుందో లేదో చూసుకోండి.

అయితే క్లౌడ్‌లో ఉంటే విపత్తు తాకదని ఎవరైనా అంటే దానినీ సగమే నమ్మండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో కరెంటు, ఫోన్లు రెండూ రోజుల పాటు దెబ్బతిన్నాయి. అలాంటి సమయంలో డేటా ముంబయిలో భద్రంగా ఉంటుంది, కానీ విశాఖ కార్యాలయం దాన్ని అందుకోలేదు. వేరే ఊరిలో శాఖ ఉన్నవారు మాత్రం అక్కడి నుంచి పని కొనసాగించగలరు. ఒకే ఊరిలో ఉన్న సంస్థకూ రెండు ఊళ్లలో ఉన్న సంస్థకూ క్లౌడ్ ఇచ్చే ప్రయోజనంలో తేడా ఇక్కడే ఉంది.

4. చట్టం అడిగేవి తెలుసుకోండి

దీన్ని మీ ఆడిటర్‌తో కూర్చుని పూర్తి చేయండి. కంపెనీగా నమోదైన సంస్థ ఖాతా పుస్తకాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచితే, అవి దేశంలో ఎప్పుడైనా చూడగలిగేలా ఉండాలి, వాటి బ్యాకప్ భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో రోజూ జరగాలి. రోజూ అన్న నియమం 2022 ఆగస్టులో చేసిన సవరణతో వచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉండి తీరాలి, దాన్ని ఆపివేసే వీలు ఉండకూడదు. జీఎస్టీ రికార్డులను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడుల వంటి ఘటనలను తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి, కంప్యూటర్ వ్యవస్థల లాగులను, అంటే వాటిలో ఎప్పుడు ఏం జరిగిందో తెలిపే నమోదులను, 180 రోజులు ఉంచాలి. వినియోగదారుల వ్యక్తిగత వివరాలు మీ దగ్గర ఉంటే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చూసుకోవాలి. తగిన భద్రత పాటించకపోతే అందులో జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంది.

వీటిలో ఏదీ క్లౌడ్ వద్దని చెప్పదు. డేటా ఎక్కడ ఉందో మీకు తెలియాలని మాత్రం చెబుతుంది. అమెజాన్‌కు 2016 నుంచి ముంబయిలో, 2022 నుంచి హైదరాబాదులో, మైక్రోసాఫ్ట్‌కు పుణె, చెన్నై వంటి చోట్ల, గూగుల్‌కు ముంబయి, దిల్లీలలో కేంద్రాలు ఉన్నాయి. ఖాతా తెరిచేటప్పుడు తెరపై ముందే ఎంపికై కనిపించే రీజియన్, అంటే డేటా ఉండే ప్రాంతం, అమెరికాది కావచ్చు, దాన్ని మార్చకుండా ముందుకు వెళ్లడం తరచుగా జరిగే పొరపాటు. ఏజెంటు ద్వారా తీసుకుంటే రీజియన్ పేరును ఒప్పందంలో రాయించుకోండి.

5. ఐదేళ్ల ఖర్చు వేయండి

ఈ పద్ధతిలో ఎక్కువ సమయం తీసుకునే అడుగు ఇదే, తొందరపడకండి. సొంత సర్వర్ వైపు రాయవలసినవి: యంత్రం, డిస్కులు, ఆపరేటింగ్ సిస్టమ్, దానికి మనిషికొక యూజర్ లైసెన్సు, యూపీఎస్, మధ్యలో ఒకసారైనా మార్చవలసిన దాని బ్యాటరీలు, ఏసీ, వారంటీ అయిపోయాక ఏఎంసీ, బ్యాకప్ పరికరాలు, కరెంటు, చూసుకునే మనిషి సమయం. కరెంటును ఇలా లెక్కించండి. సర్వర్, స్విచ్చులు కలిపి 300 వాట్లు తీసుకుంటే రోజుకు 7.2 యూనిట్లు, ఏడాదికి 2,628 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకుంటే ఏడాదికి 26 వేలు, ఐదేళ్లకు లక్షా 31 వేలు. ఏసీ దానికి సమానంగానో అంతకు మించో తీసుకోవచ్చు. సర్వర్ కొటేషన్‌లో ఈ అంకె ఎక్కడా ఉండదు.

క్లౌడ్ వైపు రాయవలసినవి: యంత్రం అద్దెను గంటకు ఇంత అని ఇస్తారు కనుక నెలకు 730 గంటలతో గుణించండి, డిస్కు అద్దె, బ్యాకప్ స్నాప్‌షాట్‌ల (డిస్కు ఒక క్షణంలో ఎలా ఉందో అలా తీసిన నకళ్ల) అద్దె, బయటకు వెళ్లే డేటాకు జీబీ లెక్కన రుసుము, విండోస్ లైసెన్సు, సహాయ సేవ, రెండో ఇంటర్నెట్ లైను. చిన్నవిగా కనిపించే వాటినీ వదలకండి, 2024 ఫిబ్రవరి నుంచి అమెజాన్ ఒక్కొక్క పబ్లిక్ ఐపీ చిరునామాకు కూడా గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. ధరల పట్టిక డాలర్లలో ఉంటే ఐదేళ్లలో రూపాయి విలువ తగ్గడాన్ని కూడా ఊహించి ఒక వరుస వేసుకోండి.

పన్నులు రెండు వైపులా ఒకేలా ఉండవు. క్లౌడ్ సేవపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. పన్ను పరిధిలోని సరుకు అమ్మే వ్యాపారి దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోగలరు, కానీ వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందున నర్సింగ్ హోముకు ఆ 18 శాతం నిజమైన ఖర్చే, కొన్న సర్వర్‌పై పన్ను విషయంలోనూ అంతే. ఆదాయపన్ను లెక్కల్లో కంప్యూటర్లకు తరుగుదల 40 శాతం చొప్పున ఏటా తగ్గుతూ వస్తుంది, క్లౌడ్ అద్దె ఆ ఏడాది ఖర్చుగా పోతుంది.

లెక్క ముగించాక ఒక ప్రశ్న వేసుకోండి: ఈ యంత్రం రోజంతా పనిచేయాలా? రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు మాత్రమే నడిస్తే అది 260 గంటలు, అంటే 730లో దాదాపు 36 శాతం. మిగతా సమయం ఆపివేస్తే యంత్రం అద్దె ఆ మేరకు తగ్గుతుంది, డిస్కు అద్దె మాత్రం ఆగదు. పరీక్షా ఫలితాల వారంలోనో, అడ్మిషన్ల నెలలోనో మాత్రమే రద్దీ ఉండే విద్యాసంస్థకు క్లౌడ్ సహజంగానే లాభం. ఏడాది పొడవునా ఒకే తీరున, రాత్రింబవళ్లు నడిచే పనికి ఐదేళ్ల లెక్కలో సొంత యంత్రం చవకగా తేలడం అరుదేమీ కాదు.

ఈ వాదనలో పెద్ద కంపెనీల పేర్లు తరచుగా వినిపిస్తాయి. 2008లో డేటాబేసు చెడి మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయిన నెట్‌ఫ్లిక్స్ క్లౌడ్ బాట పట్టి 2016 జనవరికి తరలింపు పూర్తి చేసింది. 37సిగ్నల్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ 2022లో క్లౌడ్ వదిలి సొంత సర్వర్లకు వెళతామని ప్రకటించి వెళ్లింది. రెండు నిర్ణయాలూ వారి వారి లెక్కలకు సరైనవే కావచ్చు. వారి దగ్గర ఇంజనీర్లు జీతానికి ఉన్నారు, నలభై మంది ఉన్న మందుల పంపిణీ సంస్థకు వాటిలో ఏదీ రుజువు కాదు.

6. ఎవరు చూసుకుంటారో పేరు రాయండి

సొంత సర్వర్‌కు మనిషి కావాలని అందరికీ తెలుసు. క్లౌడ్ యంత్రానికి కూడా కావాలన్నది మరచిపోతారు. భవనం, కరెంటు, యంత్రం చెడితే మార్చడం క్లౌడ్ సంస్థ బాధ్యత. విండోస్ అప్‌డేట్లు, వాడకందారుల ఖాతాలు, పాస్‌వర్డులు, బ్యాకప్ మీ బాధ్యతే. ఆ పనులకు ఒక మనిషి పేరు, ఆయన సెలవులో ఉంటే చూసే మరొకరి పేరు రాయలేకపోతే, అద్దె యంత్రం కన్నా తయారైన సేవలు తీసుకోవడం మేలు.

హెచ్చరిక: టాలీని క్లౌడ్‌లో పెట్టి ఇస్తామనేవారు చాలాసార్లు చేసేది ఒక విండోస్ యంత్రాన్ని అద్దెకు తీసుకుని దూరం నుంచి తెరిచేలా ఏర్పాటు చేయడం. ఆ ద్వారం, అంటే రిమోట్ డెస్క్‌టాప్‌కు వాడే 3389 పోర్టు, ప్రపంచమంతటికీ తెరిచి ఉంటే డేటాకు తాళం వేసి డబ్బు అడిగే ముఠాలకు అదే రాజమార్గం. వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మీవారికి మాత్రమే ఉండే రహస్య దారి) ద్వారా మాత్రమే తెరుచుకునేలా, రెండంచెల ధ్రువీకరణతో ఉండేలా రాతపూర్వకంగా అడగండి. సొంత సర్వర్‌ను ఇంటి నుంచి వాడుకునేవారికీ ఇదే వర్తిస్తుంది.

ప్రధాన ఖాతా సంస్థ ఈమెయిల్‌తో, సంస్థ పేరున ఉండాలి. ఏజెంటు తన ఖాతాలో మీ యంత్రాన్ని నడిపితే, ఆయనతో బిల్లు విషయంలో తేడా వచ్చిన రోజున మీ డేటా ఆయన చేతిలో ఉంటుంది.

7. పని పనికీ విడిగా నిర్ణయించండి

ఇప్పుడు మొదటి అడుగులో రాసిన జాబితా తీయండి. మన ఉదాహరణ సంస్థకు తేలేవి ఇలా ఉంటాయి.

ఈమెయిల్: తయారైన సేవ. మైక్రోసాఫ్ట్, గూగుల్, జోహో, ఏదైనా సరే. ఈ పరిమాణంలో సొంత మెయిల్ సర్వర్ నడపవద్దు, పంపిన మెయిల్స్ స్పామ్‌లో పడకుండా చూసుకోవడమే ఒక ఉద్యోగం అవుతుంది.

సీసీ కెమెరాలు: ఆఫీసులోని రికార్డరే. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే రోజుకు 43 జీబీ, పదహారు కెమెరాలకు దాదాపు 690 జీబీ. ఇది మామూలు లైనుపై రోజూ పంపగలిగేది కాదు. నర్సింగ్ హోములో సీటీ, ఎంఆర్ఐ చిత్రాలకూ ఇదే తర్కం. తీసిన చోటే ఉంచి, నకలును రాత్రిపూట బయటకు పంపండి.

సేల్స్ యాప్: క్లౌడ్. బయట ఊళ్ల నుంచి ఫోన్లలో వాడేదాన్ని ఆఫీసు లైనుపై ఆధారపడేలా చేయడంలో అర్థం లేదు.

బిల్లింగ్, టాలీ: తీర్పు ఇక్కడే కష్టం. అందరూ ఒకే భవనంలో ఉంటే సొంత సర్వరే వేగంగా, సుఖంగా ఉంటుంది, నెట్ పోయినా కౌంటరు ఆగదు. గుంటూరు గోడౌన్ కూడా అదే డేటాపై రోజంతా పనిచేయాలంటే రెండు దారులు ఉన్నాయి: ఆఫీసు సర్వర్‌ను వీపీఎన్ ద్వారా గోడౌన్ వాడుకోవడం, లేదా రెండు చోట్ల వారూ క్లౌడ్ యంత్రాన్ని తెరవడం. విజయవాడలో కరెంటు, నెట్ నమ్మకంగా ఉండి, చూసుకునే మనిషి ఉంటే మొదటిది. కరెంటు లేదా నెట్ నమ్మకంగా లేకపోతే రెండోది, చూసుకునే మనిషే లేకపోతే ఆరో అడుగులో చెప్పినట్టు తయారైన సేవ. టాలీ డేటా ఫోల్డరును ఇంటర్నెట్ మీదుగా షేర్ చేసి రెండు చోట్ల నుంచి తెరవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, డేటా పాడవుతుంది.

మధ్యేమార్గం కూడా ఉంది. మీ సర్వర్‌ను మీరే కొని, వేరొకరి డేటా సెంటర్‌లో స్థలం అద్దెకు తీసుకుని పెట్టుకోవచ్చు. కరెంటు, ఏసీ బెడద పోతుంది, యంత్రం మీదే ఉంటుంది. ఒకటి రెండు సర్వర్లకు మాత్రం ఈ శ్రమ దాదాపు ఎప్పుడూ గిట్టదు.

8. బ్యాకప్ ఎదురు వైపు ఉండాలి

అసలు డేటా ఆఫీసులో ఉంటే నకలు క్లౌడ్‌లో, అసలు క్లౌడ్‌లో ఉంటే నకలు ఆఫీసులోనో వేరే కంపెనీ దగ్గరో ఉండాలి. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలపై, ఒకటి వేరే చోట, అన్నది పాత నియమమే, ఇప్పటికీ సరిపోతుంది. దానికి ఒక్కటి చేర్చండి: ఒక ప్రతి అడ్మిన్ పాస్‌వర్డు ఉన్నవారు కూడా చెరిపేయలేనిదిగా, లేదా తీగ పీకి బీరువాలో పెట్టినదిగా ఉండాలి.

రెయిడ్ (ఒకే సర్వర్‌లో డేటాను పలు డిస్కులపై ఉంచే ఏర్పాటు) అంటే బ్యాకప్ కాదు, అది ఒక డిస్కు చెడినప్పుడు మాత్రమే కాపాడుతుంది. ఫైళ్లను వెంటవెంటనే సమానం చేసే సింక్ ఫోల్డరు కూడా బ్యాకప్ కాదు, మీరు పొరపాటున చెరిపిన ఫైలును అది అంతే విధేయతతో అక్కడా చెరిపేస్తుంది.

ఎదురు వైపు అనడానికి కారణాలు ఈ మధ్య కాలంలోనే ఉన్నాయి. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ సంస్థ భవనం కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉన్నవారు డేటా పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ సొంత డేటా కేంద్రం అగ్నిప్రమాదానికి గురైతే, బయట నకలు లేని ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు పోయాయి. ఒకటి అద్దెది, ఒకటి సొంతది, లోపం ఒక్కటే. 2024 మేలో ఆస్ట్రేలియా పింఛను సంస్థ యూనిసూపర్ ఖాతా గూగుల్ క్లౌడ్‌లో ఒక అమరిక తప్పిదం వల్ల చెరిగిపోయింది. వేరే కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ ఉంచడం వారు కోలుకోవడానికి అక్కరకొచ్చింది.

9. ఒక పనితో మొదలుపెట్టి, ఒక నెలాఖరు దాటించండి

అన్నిటినీ ఒకే వారాంతంలో మార్చవద్దు. అతి తక్కువ ప్రమాదమున్న పనిని ముందు మార్చి, కనీసం ఒక నెలాఖరు ముగింపు, ఒక జీఎస్టీ రిటర్ను దాని మీదే పూర్తి చేయండి. పాత యంత్రాన్ని అప్పటి దాకా చూడటానికి మాత్రమే వీలుగా ఉంచండి, ఎంట్రీలు కొట్టే వీలు తీసేయండి. లేకపోతే ఎవరో ఒకరు అలవాటుగా పాతదానిలోనే బిల్లులు వేస్తారు, రెండింటినీ కలపడం నరకం.

క్లౌడ్‌లో మొదటి రోజే ఖర్చు హెచ్చరిక పెట్టండి. ఆ హెచ్చరిక మీకు మెయిల్ పంపుతుందే తప్ప దానంతట అది ఖర్చును ఆపదు, కనుక ఆ మెయిల్ రోజూ చూసే మనిషికే వెళ్లాలి.

10. వెనక్కి వచ్చే దారి ముందే రాయించుకోండి

సేవ మానుకుంటే డేటా ఏ రూపంలో ఇస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, బయటకు తీసుకెళ్లడానికి రుసుమెంత, ఎన్నాళ్ల నోటీసు ఇవ్వాలి అన్నవి సంతకానికి ముందే అడగాలి. ఏడాదికో మూడేళ్లకో ముందే కట్టుబడితే అద్దెలో పెద్ద తగ్గింపు ఇస్తారు. మూడు నాలుగు నెలలు మామూలు ధరకు నడిపి, మీకు నిజంగా ఎంత యంత్రం కావాలో తెలిశాకే ఆ మాట ఇవ్వండి.

తరచుగా జరిగే పొరపాట్లు

పాత సర్వర్‌లో ఎంత మెమరీ, ఎన్ని ప్రాసెసర్లు ఉన్నాయో అంతే క్లౌడ్‌లో తీసుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. సొంత సర్వర్‌ను ఐదేళ్ల ఎదుగుదలను ఊహించి పెద్దదిగా కొంటారు, క్లౌడ్‌లో ఈ నెల అవసరానికి తీసుకుని తర్వాత పెంచుకోవచ్చు. ఒక వారం పాటు పాత యంత్రంపై నిజమైన వాడకాన్ని కొలిచి దాని ప్రకారం తీసుకోండి.

పరీక్ష కోసం తెరిచిన యంత్రాలను, వాటి డిస్కులను మరచిపోవడం మరొకటి. యంత్రాన్ని తొలగించినా డిస్కు, స్నాప్‌షాట్ మిగిలిపోయి నెలనెలా బిల్లులో వస్తూనే ఉంటాయి.

సొంత సర్వర్ వైపు జరిగే పొరపాటు వేరు. యంత్రం ఇంకా తిరుగుతోంది కదా అని గడువు ముగిసిన ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే నడుపుతారు. విండోస్ సర్వర్ 2012 ఆర్2కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2023 అక్టోబరులోనే ఆగిపోయాయి, 2016 వెర్షన్‌కు 2027 జనవరిలో ఆగుతాయి. అది మీ దగ్గర ఉంటే నిర్ణయానికి గడువు ఆ తేదీయే అనుకోండి.

సరిగ్గా కుదిరిందో లేదో పరీక్షించే విధానం

రీస్టోర్ పరీక్ష: నిన్నటి బ్యాకప్‌ను ఒక ఖాళీ కంప్యూటర్‌లో తెరిచి, గడియారం పెట్టి సమయం రాసుకోండి. ఒక పార్టీ బ్యాలెన్సు, ఒక సరుకు స్టాకు సరిచూడండి. పట్టిన సమయం రెండో అడుగులో రాసిన గంటల కన్నా ఎక్కువైతే ఏర్పాటు చాలలేదని అర్థం. బ్యాకప్ విజయవంతమైందన్న మెయిల్ ఈ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. మూడు నెలలకొకసారి చేయండి.

తీగ పరీక్ష: పనివేళల్లో, సిబ్బందికి ముందే చెప్పి, ప్రధాన ఇంటర్నెట్ కేబుల్ పీకండి. రెండో లైనుకు మారడానికి ఎంతసేపు పట్టింది, బిల్లు వేయగలిగారా? సొంత సర్వర్ ఉంటే యూపీఎస్‌కు వచ్చే కరెంటు ఆపి చూడండి. బ్యాటరీ జనరేటర్ అందుకునే దాకా నిలవాలి. అయితే ఈ పరీక్షకు ముందు తాజా బ్యాకప్ ఉందని నిర్ధారించుకోవడం తప్పనిసరి.

తాళాల పరీక్ష: గత ఏడాది ఉద్యోగం మానేసినవారి జాబితా తీసి, వారి ఖాతాలు మెయిల్, వీపీఎన్, సర్వర్, క్లౌడ్ అన్నిటిలో మూసివేశారో లేదో ఒక్కొక్కటే చూడండి. బయటి నెట్ నుంచి, అంటే మీ ఫోన్ హాట్‌స్పాట్ నుంచి, వీపీఎన్ లేకుండా సర్వర్ తెరవడానికి ప్రయత్నించండి. తెరుచుకుంటే అదే రోజు మూయించండి. లాగులు 180 రోజుల వెనక్కి ఉన్నాయో లేదో కూడా చూడండి.

బిల్లు పరీక్ష: మూడో నెల క్లౌడ్ బిల్లును ఐదో అడుగులో వేసిన అంచనా పక్కన పెట్టండి. మొదటి రెండు నెలల్లో తరలింపు ఖర్చులు కలిసి ఉంటాయి కనుక అవి పోలికకు పనికిరావు. తేడా పెద్దగా ఉంటే బిల్లును వరుస వరుసగా చదవండి, సాధారణంగా అది బయటకు వెళ్లిన డేటాలోనో, మరచిపోయిన స్నాప్‌షాట్‌లలోనో దొరుకుతుంది. సొంత సర్వర్ వారు అదే నెల కరెంటు బిల్లును, నిరుటి అదే నెల బిల్లుతో పోల్చాలి. ఈ లెక్క మొత్తాన్ని సర్వర్ వారంటీ ముగియడానికి లేదా క్లౌడ్ ఒప్పందం పునరుద్ధరణకు ఆరు నెలల ముందు మళ్లీ వేయండి, ఆఖరి వారంలో వేస్తే బేరమాడే వీలు ఉండదు.